‘ఖాళీ’ గడిలో టిక్కు

గంటల మాస్టారు మంచివాడని అందరూ అంటారు. నా కడుపుమంటలో సగం అదే. దొంగ దోచుకుపోతే దొంగా అని తిట్టొచ్చు. తాగి వచ్చి తన్నినవాణ్ణి తాగుబోతా అనొచ్చు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అందరికీ నమస్కారం పెడుతూ, లోకానికి మేలు చేస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతూ నా నోటి దగ్గర కూడు కాలదన్నినవాణ్ణి ఏమని తిట్టాలి? తిట్టు దొరక్క ఈ వయసులో నాకు నిద్ర పట్టడం మానేసింది.

ఆయనకు మంచి పేరే ఉంది. విశ్వవిద్యాలయంలో ఆయన గది తలుపు మీద ఇత్తడి పలకపై చెక్కించారు. నేను మాత్రం గంటల మాస్టారనే అంటాను. ఏ విద్యార్థి ఎన్ని గంటలు సేవ చేశాడో పుస్తకంలో రాసి సంతకం పెట్టడం ఆయన పని. చదువు చెప్పగా నేను చూడలేదు.

ఆ వేసవి మొదట్లో మా అమ్మాయి ఓ మధ్యాహ్నం చేతిలో లావుపాటి పుస్తకంతో ఇంటికి వచ్చింది. డిగ్రీ చివరి సంవత్సరం. నేనూ మా ఆవిడా ముందు గదిలో నేల మీద కూర్చుని విత్తనాల పొట్లాలకు కాగితం కత్తిరిస్తున్నాం.

“ఏంటమ్మా అది? టెలిఫోన్ డైరెక్టరీ మళ్ళీ వేస్తున్నారా?” అన్నాను.

“సేవా అవకాశాలు నాన్నా. ముప్పై రెండున్నాయి. ఏవైనా ఎంచుకోవచ్చు. మొత్తం అరవై గంటలు చెయ్యాలి.”

“చెయ్యకపోతే?”

“పట్టా ఇవ్వరు.”

“మెడ మీద కత్తి పెట్టి చేయిస్తే దాన్ని సేవంటారా?”

మా ఆవిడ కత్తెర ఆపకుండానే అంది: “జీతం ఇస్తే ఉద్యోగం, ఇవ్వకపోతే సేవ. నాకు తెలిసిన తేడా అదే. నాది ఇరవై మూడేళ్ళ సర్వీసు. నాకెవరు పట్టా ఇస్తారో ఆ పుస్తకంలో ఉందేమో చూడవే.”

అమ్మాయి నవ్వి పుస్తకం నా ముందు పెట్టింది. నేను ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, కానీ చదవడం మానలేదు. వేలు పెట్టి వరసగా చదివాను. ఆసుపత్రిలో రోగులకు దారి చూపించడం. వృద్ధాశ్రమంలో పేపరు చదివి వినిపించడం. రక్తదానం చేసినవాళ్ళకు బిస్కెట్లు అందించడం. వీధి కుక్కలకు టీకాలు. మొక్కలు నాటడం. ఒక్కోదాని పక్కన ఎన్ని గంటలు వస్తాయో అచ్చు వేశారు. బిస్కెట్లకు నాలుగు గంటలు. కుక్కలకు ఎనిమిది.

“కుక్క కరిస్తే ఎక్స్‌ట్రా ఇస్తారా?”

“నాన్నా!”

“సరే, నేనొక అవకాశం చెబుతాను రాసుకో. నెల రోజుల్లో మన చేను కోతకు వస్తుంది. నాకూ అమ్మకూ చేతులు చాలడం లేదు. పొద్దునా సాయంత్రం రా. అరవయ్యేం కర్మ, నూట ఇరవై గంటలు చేయిస్తాను.”

“అడుగుతాను,” అంది. నిజంగానే అడిగింది కూడా. మర్నాడు వచ్చి, చెప్పులు విప్పుతూ, నా వైపు చూడకుండా చెప్పింది: “సొంతవాళ్ళ పని సేవ కిందికి రాదట నాన్నా.”

పరాయివాళ్ళకు చేస్తే సేవ, కన్నవాళ్ళకు చేస్తే చాకిరీ. ఆ రోజు ఆ మాట నేను నవ్వుతూనే అన్నాను.

నా చేను సంగతి చెప్పాలి. ఉల్లిగడ్డ ఎవడైనా పండిస్తాడు. ఉల్లి విత్తనం తీయడం వేరే విద్య. చలికాలంలో మంచి గడ్డలు ఏరి మళ్ళీ నాటాలి. అవి బోలు గొట్టాల్లాంటి కాడలు వేస్తాయి, కాడ కొసన తెల్లటి బంతి పూస్తుంది. ఆ బంతి మీద తేనెటీగలు వాలితేనే గింజ పడుతుంది. అయితే చుట్టుపక్కల మైలు దూరంలో ఇంకో రకం ఉల్లి పూయకూడదు. తేనెటీగకు నీది నాది అనే తేడా ఉండదు, అన్నిటినీ కలిపేసి కూర్చుంటుంది. అందుకే ఎకరాలకు ఎకరాలున్న రైతులు కూడా నా దగ్గరికి వచ్చి విత్తనం కొనుక్కుపోయేవారు. నాకున్నది ఊరి మధ్యలో, నీళ్ళ పంపుహౌస్ వెనక, గోడకూ లావుపాటి ఇనప పైపుకూ నడుమ పడి ఉన్న సన్నటి నేల. ఒక పక్క సిమెంటు ట్యాంకులు, మిగతా పక్కల షెడ్లు, మేడలు. మైలు దూరం వరకు ఇంకో ఉల్లి పువ్వు లేదు. అలాంటి చోటు కొందామన్నా దొరకదు.

ఆ నేల నాది కాదు. పురపాలక సంఘానిది. పంతొమ్మిదేళ్ళ కిందట అక్కడున్న ఇంజనీరు, “పిచ్చిమొక్కలు పెరిగి పాములు తిరుగుతున్నాయి, నువ్వేదైనా వేసుకోవయ్యా, శుభ్రంగా ఉంటుంది” అన్నాడు. కాగితం రాసిమ్మంటావా అని కూడా అడిగాడు. “మీ మాట చాలదా సార్” అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజు నాకెంత గొప్పగా అనిపించిందో! తర్వాత ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు. మాట కూడా ఆయనతోపాటే వెళ్ళిపోయిందని నాకు తట్టలేదు.

ఇక కోత. విత్తనం పండే రోజుల్లో ఉల్లి చేను చూడటానికి శవంలా ఉంటుంది. నీళ్ళు ఆపేస్తాం. ఆకు ఎండి నేలకు అతుక్కుంటుంది, కాడలు పాలిపోతాయి, బంతులు బూడిద రంగుకు తిరుగుతాయి. తెలియనివాడు చూస్తే, అయ్యో, ఈ తోట ఎవరూ పట్టించుకోక చచ్చిపోయింది అనుకుంటాడు. ఏడాది మొత్తంలో మాకు బంగారం లాంటి రోజులు అవే. బంతిలో అక్కడక్కడ తొడుగు పగిలి నల్లటి గింజ కనబడాలి. అప్పుడు కోయాలి. తొందరపడితే తాలు, ఆలస్యం చేస్తే నేలపాలు.

కోతకు రెండు వారాల ముందు ఓ సాయంత్రం నేను పైపు మీద కూర్చుని బీడీ కాలుస్తుంటే, పంపుహౌస్ గేటు దగ్గర మా అమ్మాయి కనబడింది. పక్కన టోపీ పెట్టుకున్న ఇంకో అమ్మాయి. ఇద్దరి చేతుల్లోనూ అట్టలు, అట్టల మీద కాగితాలు. నేను సంబరంగా లేచి చెయ్యి ఊపాను. మా అమ్మాయి నన్ను చూసింది. చూసి, టోపీ అమ్మాయికి కనపడకుండా, రావద్దన్నట్టు చెయ్యి కిందకు ఆడించింది.

నేను అలాగే నిలబడిపోయాను. వాళ్ళు కాసేపు అటూ ఇటూ చూసి, కాగితాల మీద ఏదో గీసుకుని వెళ్ళిపోయారు.

ఇంటికి వచ్చాక ఇక నన్ను పట్టలేరు.

“మట్టి చేతుల నాన్నను చూపించడానికి సిగ్గేసిందా? ‘వీడెవడో కూలివాడు’ అని చెప్పావా నీ స్నేహితురాలికి?”

“అది కాదు నాన్నా. ఒక్క మాట చెప్పాలి, విను...”

“నీ మాటలు ఆ గంటల మాస్టారుకు చెప్పుకో. గంటకింత అని రాసుకుంటాడు.”

“నాన్నా, నిజంగా ముఖ్యమైన...”

“వద్దన్నానా!”

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, “దాన్ని మాట్లాడనివ్వండి” అంది. నేను తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాను. కోపం వచ్చినప్పుడు నాకు చెవులు పనిచేయవు. మా నాన్నకూ అంతే. ఆ తర్వాత పది రోజులు అమ్మాయి నాతో అవసరమైన ముక్కలే మాట్లాడింది. నేను ఆ అవసరమైనవి కూడా మాట్లాడలేదు.

ఆదివారం వచ్చింది. కోతకు ఇంకా నాలుగు రోజులుందని లెక్క వేసుకున్నాను. పక్క ఊళ్ళో విత్తనాల షావుకారు ఈసారి గింజంతా తానే తీసుకుంటానని కబురు పెట్టాడు. తెల్లవారగానే నాలుగు బంతులు కోసి సంచిలో వేసుకుని బస్సెక్కాను. షావుకారు బంతిని అరచేతిలో నలిపి, ఊది, గింజను పంటితో కొరికి చూశాడు.

“బాగుంది. నిరుటిది ఏమైనా మిగిలిందా?”

“మిగిలినా ఏం లాభం షావుకారూ? ఉల్లి గింజ ఏడాది దాటితే మొలవదని నీకు తెలీదా?”

“తెలుసులే. నువ్వు నిజం చెబుతావో లేదోనని,” అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సీజనులో నేను నవ్విన ఆఖరి నవ్వు అది.

మధ్యాహ్నం బస్సు దిగి మలుపు తిరుగుతుండగానే వాసన తగిలింది. ఉల్లి కాలుతున్న వాసన. వంటింటిది కాదు. ఎండిన ఆకు, పచ్చి కాడ, మట్టి అన్నీ కలిసి కాలితే వచ్చే ఘాటు. నడుస్తున్నవాణ్ణి పరుగెత్తాను.

పంపుహౌస్ వెనక నలభై మంది పిల్లలు. అందరికీ ఒకే రంగు చొక్కాలు, చేతులకు కొత్త గ్లౌజులు. గోడ నుంచి పైపు దాకా నేల దువ్వెనతో దువ్వినట్టు ఉంది. సున్నంతో గీతలు గీశారు, గీతల మీద గుంటలు తీశారు, గుంటకో మొక్క, మొక్కకో కర్ర, కర్రకో కాగితం. ఓ మూల కుప్ప పొగలు కక్కుతోంది. ఇంకో మూల ఓ గుంపు ఫొటో దిగుతోంది.

“ఎవర్రా! ఎవడ్రా మీకు చెప్పింది!”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిల్లలందరూ తిరిగి చూశారు. నేను కుప్ప మీద పడి చేతులతో లాగాను. పై బంతులు మసి, కింది బంతులు ఉడికిపోయాయి. పొడుగ్గా ఉన్న ఒకమ్మాయి నన్ను వెనక్కి లాగింది.

“అంకుల్, చేతులు కాలతాయి! ఏం పోయింది అంకుల్ అందులో?”

“నా చేను పోయింది. నా విత్తనం పోయింది.”

“విత్తనమా?” ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. “మేము... నీళ్ళు లేక ఎండిపోయిందనుకున్నాం అంకుల్. అంతా చచ్చిపోయినట్టు ఉంది.”

“ఎండితేనే కదే విత్తనం!”

ఆ పిల్ల గ్లౌజులు తీసేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పొగకు నా కళ్ళు కూడా కారుతున్నాయి. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు. ఆ రోజు అది నాకు చేసిన మేలు అదొక్కటే, ఎందుకు కారుతున్నాయని ఎవరూ అడగలేదు.

అప్పుడొచ్చాడు గంటల మాస్టారు. చంకలో గంటల పుస్తకం.

“పెద్దాయనా, ఆవేశపడకండి. ఏమైంది చెప్పండి. ఇది సంఘం వారి ఖాళీ స్థలం. మేము అనుమతి తీసుకునే చేస్తున్నాం.”

“ఖాళీ ఎవడన్నాడు?”

“రికార్డుంది. రేపు ఆఫీసుకు రండి, చూపిస్తాను. కూర్చోండి, ముందు కాసిని మంచినీళ్ళు తాగండి. అమ్మా, అంకుల్‌కు బిస్కెట్లు ఇవ్వండి.”

బిస్కెట్లకు నాలుగు గంటలు. ఆ సంగతి నాకు గుర్తొచ్చింది. ఇచ్చిన పొట్లం నేలకేసి కొట్టాను. పిల్లలు బెదిరి దూరం జరిగారు. మర్నాటికి ఊళ్ళో ఏం చెప్పుకున్నారో తెలుసా? పిల్లలు పాపం మొక్కలు నాటుతుంటే ఎవడో తాగి వచ్చి గొడవ చేశాడట.

సోమవారం పొద్దున్నే నేను చేసిన మొదటి పని, పురపాలక సంఘం ఆఫీసుకు పోయి అర్జీ ఇవ్వడం. పంతొమ్మిదేళ్ళుగా సాగులో ఉన్న నా చేను, ఖాళీ స్థలమని అబద్ధపు రికార్డు రాసి ధ్వంసం చేశారు, రాసినవాళ్ళ మీద చర్య తీసుకోవాలి అని నా చేత్తోనే రాశాను. రెండు కాగితాలు నిండాయి. గుమాస్తా ముద్ర కొట్టి తీసుకున్నాడు. ఆ తర్వాతే గంటల మాస్టారు గదికి వెళ్ళాను.

గోడ నిండా ఫొటోలు. పిల్లలు గోడలకు రంగు వేస్తూ, పిల్లలు ముసలివాళ్ళ భుజాల మీద చేతులు వేస్తూ. ఆదివారం నాటి ఫొటో కూడా అప్పుడే వచ్చేసింది. మెడలో దండతో ఎవరో పెద్ద అధికారి, చేతిలో మొక్క, వెనకాల పొగ.

“కూర్చోండి,” అన్నాడు మాస్టారు. “నిజంగా బాధగా ఉంది. మీ పంట అని తెలిసుంటే వారం ఆగేవాళ్ళం. అసలు ఈ స్థలం నెలాఖరున చేద్దామనుకున్నాం. ముఖ్య అతిథి గారికి ఈ ఆదివారమే కుదిరింది, అందుకని ముందుకు జరిపాం.”

“అతిథికి కుదరడమేంటండీ? ఆయనొచ్చి తవ్వాడా?”

“అలా కాదు... పిల్లలకు ప్రోత్సాహం.”

“అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడట. నా నేల మీద మీ పిల్లలకు పుణ్యమా?”

ఆయనకు కోపం రాలేదు. ఆ మనిషికి కోపం రాదు. అదో జబ్బు. ముందుకు వంగి, గొంతు మెత్తగా చేసి అన్నాడు: “ఒక మాట చెబుతాను, మంచి మనసుతో వినండి. ఆ మొక్కలను ఎవరో ఒకరు చూసుకోవాలి. మీకు నేల తెలుసు, మొక్క తెలుసు. మీరే వాలంటీరుగా చేరండి. రోజూ కాస్త నీళ్ళు పోస్తే చాలు. బయటివాళ్ళకు కూడా మేము ప్రశంసాపత్రం ఇస్తాం.”

నేను ఆయన బల్ల మీది గాజు గుండును ఎత్తాను. ఎందుకెత్తానో నాకు తెలుసు. ఆయనకూ తెలిసింది. కుర్చీ వెనక్కి జరిపాడు. గుండును మళ్ళీ కాగితాల మీద పెట్టేసి, “ఖాళీ అని రాసినవాడెవడో చూపించు ముందు” అన్నాను.

ఫైలు తీశాడు. స్థలాల గుర్తింపు ఫారం. ‘పంపుహౌస్ వెనక’. దాని కింద, స్థలం ప్రస్తుత స్థితి. మూడు గళ్ళు. ఒకటి, ఖాళీ. రెండు, వాడుకలో ఉంది, అనుమతి పత్రం జతపరచవలెను. మూడు, ఆక్రమణలో ఉంది, అధికారులకు తెలియజేయవలెను.

మొదటి గడిలో టిక్కు. టిక్కు పక్కన ఎవరో ‘ఖాళీ’ అని అక్షరాల్లో కూడా రాశారు. ఆ ళ నాకు తెలుసు. ఏడేళ్ళుగా నా ఉల్లి విత్తనం పొట్లాల మీద ‘నీళ్ళు తక్కువ పోయాలి’ అని మా అమ్మాయి రాసే ళను చూస్తూనే ఉన్నాను. కింది మెలిక కొంచెం ఎక్కువ తిప్పి రాస్తుంది.

“ఈ విద్యార్థిని చాలా చురుకైనది,” అన్నాడు మాస్టారు, ఫారం వెనక్కి తీసుకుంటూ. మా అమ్మాయని ఆయనకు తెలియదు. “ఈ స్థలాన్ని చివర్లో పెట్టండి సార్ అని ఎందుకో రెండు సార్లు అడిగింది కూడా. అన్నట్టు, మీరు ఆఫీసులో అర్జీ ఇచ్చారట? ఫోన్ చేశారు. విచారణలో ఈ ఫారం తప్పని తేలితే ఆ అమ్మాయి గంటలన్నీ రద్దవుతాయి. తప్పుడు రికార్డు కదా. పట్టా ఆగిపోతుంది. నేను చేయగలిగిందేమీ ఉండదు.”

నేను లేచి వచ్చేశాను. ఏ దారిన ఇంటికి చేరానో గుర్తు లేదు.

అమ్మాయి ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన వాళ్ళమ్మ. ఇద్దరూ అప్పటికే ఏడవడం అయిపోయిన ముఖాలతో ఉన్నారు.

“ఎందుకు రాశావ్?”

“మూడే గళ్ళున్నాయి నాన్నా.”

“అయితే?”

“వాడుకలో ఉందంటే కాగితం కావాలి. నీ దగ్గర లేదు. ఆక్రమణ అంటే మర్నాడే వాళ్ళొచ్చి నిన్ను వెళ్ళగొడతారు, జరిమానా కూడా వేస్తారు. ఖాళీ అంటే మొక్కల లిస్టులోకి వెళ్తుంది, అది నెలాఖరుకు. ఈలోగా నువ్వు కోసేసుకుంటావు. ఆ తర్వాత ఏదో ఒకటి చేద్దామనుకున్నా. ఆదివారానికి జరిపారని నాకెవరూ చెప్పలేదు.”

“అసలు ఫారమే నింపకుండా వదిలెయ్యాల్సింది!”

“పక్కన ఆ అమ్మాయి ఉంది నాన్నా. లిస్టులో ఉన్న చోటు. నిన్ను చూస్తే ఆక్రమణ అని తనే రాసేసేది. అందుకే రావద్దని చెయ్యి చూపించా.” ముక్కు తుడుచుకుంది. “ఆ రోజే చెబుదామనుకున్నా. నువ్వు విన్లేదు.”

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ రోజు ‘దాన్ని మాట్లాడనివ్వండి’ అన్నది తనే.

“ఆదివారం ఎక్కడున్నావ్ నువ్వు?”

“ఆసుపత్రిలో. దారి చూపిస్తున్నా.”

విచారణకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో ఒక్క విద్యార్థి కూడా పంపుహౌస్ వెనక్కు రాలేదు. పరీక్షలట. గంటలు పూర్తయ్యాయట. గుంటకో మొక్క వడలి, కర్రకు కట్టిన కాగితం మాత్రం గాలికి రెపరెపలాడేది. ఓ రోజు పొద్దున్నే అటు వెళ్తే మా ఆవిడ బిందెతో మొక్కలకు నీళ్ళు పోస్తూ కనిపించింది.

“ఇదేం పని?” అన్నాను.

“మొక్కలేం చేశాయి?”

“గంటలు రాసుకో అయితే. మీ మాస్టారు సంతకం పెడతాడు.”

“అరవకండి. పొద్దున్నే దాహం వేసేది మీ కోపానికి కాదు, వీటికి.” ఇంకో బిందెకు కుళాయి వైపు వెళ్ళిపోయింది. ఒక్క మనిషి మోసే నీళ్ళు ఎన్నింటికి సరిపోతాయి? పైపు పక్కనున్న వరస ఒక్కటే బతికింది.

ఉల్లిగడ్డలు మళ్ళీ దొరకవా అని షావుకారు అడిగాడు. ఎందుకు దొరకవు? నా విత్తనం వేసినవాళ్ళ ఇళ్ళలో నా రకం గడ్డలు ఇప్పటికీ వేలాడుతున్నాయి. అడిగితే గంపెడిస్తారు. నాటడానికి చోటేది? మైలు దూరం వరకు ఇంకో ఉల్లి పువ్వు లేని చోటేది?

విచారణ రోజు పురపాలక సంఘం ఆఫీసులో, పొడుగాటి బల్లకు అటు పక్క అధికారి, ఇటు పక్క మేము. నేను సాక్షిగా పంపుల పెద్దాయన్ను తీసుకెళ్ళాను. ఆ పంపుహౌస్‌లో ముప్పై ఏళ్ళుగా మోటార్లు నడిపినవాడు. ఇంజనీరు నాకు మాట ఇచ్చిన రోజు పక్కనే నిలబడినవాడు. అర్జీ ఇచ్చే ముందు రోజు రాత్రే ఆయన్ను ఒప్పించాను. మళ్ళీ వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, ఆఫీసు మెట్లెక్కేదాకా నేనేం చెబుతానో నాకే తెలియదు. నా అర్జీ గెలిస్తే నా కోపం గెలుస్తుంది. అంతకన్నా నాకింకేం కావాలి అని కూడా అనిపించింది.

గంటల మాస్టారు వచ్చాడు. మా అమ్మాయిని కూడా పిలిచారు, ఫారం రాసింది తనే కాబట్టి. మా ఇద్దరి ఇంటిపేర్లూ ఒకటేనని అధికారి ఫైల్లో చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

“మీ అమ్మాయా?”

“అవునండి.”

మాస్టారు తల తిప్పి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొదటిసారి ఆ ముఖం మీద నవ్వు లేదు.

“చూడండి,” అన్నాడు అధికారి, “సంగతి చిన్నది. మీ అర్జీలో పంతొమ్మిదేళ్ళుగా సాగు చేస్తున్నానని రాశారు. ఈ ఫారంలో ఖాళీ అని ఉంది. రెండింట్లో ఒకటే నిజం. ఫారం నాటికి ఆ స్థలం ఖాళీగా ఉందా, లేదా?”

అమ్మాయి నోరు తెరిచింది. “సార్, నేను...”

పంపుల పెద్దాయన కూడా అప్పుడే లేచాడు. “బాబూ, నా కళ్ళతో చూశాను. ఆ ఇంజనీరు గారు...”

“నువ్వు కూర్చో అన్నా,” అన్నాను.

“అదేంట్రా, నన్ను తీసుకొచ్చిందే...”

“కూర్చో.”

కిటికీ కింద ఎవడో స్కూటరు స్టార్టు చేస్తున్నాడు. అది అందుకోవడం లేదు. నాలుగుసార్లు తన్నాడు. ఐదోసారి అందుకుంది.

“ఖాళీగానే ఉందండి,” అన్నాను.

“సాగులో లేదా?”

“లేదు.”

“మరి అర్జీ?”

“కోపంలో రాశాను.”

మాస్టారు ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది. దానికి కూడా నా ఒళ్ళు మండింది. పంపుల పెద్దాయన నన్ను తేరిపార చూసి, “నీకు మతి పోయింది” అని గొణిగి, తువ్వాలు తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆయన మా ఇంటికి రాలేదు. అబద్ధానికి సాక్షిగా తీసుకెళ్ళానని అనుకున్నాడో, నిజానికి తీసుకెళ్ళి నోరు నొక్కానని అనుకున్నాడో!

అధికారి గుమాస్తాను పిలిచి వాంగ్మూలం రాయించమన్నాడు. గుమాస్తా తెల్లకాగితం నా ముందుకు తోశాడు.

“నే చెబుతా, మీరు రాయండి. మీ చేత్తోనే ఉండాలి. ‘పంపుహౌస్ వెనక నున్న స్థలం ఖాళీగా ఉండెను. సదరు స్థలం మీద నాకు గానీ నా వారసులకు గానీ ఎటువంటి హక్కు లేదు.’ కింద విస్తీర్ణం వేయాలి. టేపు పెట్టి కొలిచారు. పొడవు ముప్పై ఎనిమిది గజాలు, వెడల్పు పదకొండు గజాలు.”

పంతొమ్మిదేళ్ళు అడుగులు వేసి తిరిగాను గానీ నేనెప్పుడూ కొలవలేదు. కలం పట్టుకుంటే వేళ్ళు సరిగా ముడుచుకోలేదు. కాలిన చోట చర్మం ఇంకా బిగుసుకునే ఉంది.

అమ్మాయి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “ఇటివ్వు నాన్నా. నేను రాస్తా.”

“నువ్వు రాసింది చాలు,” అన్నాను.

గుమాస్తా చెప్పినట్టే రాశాను. విస్తీర్ణం ముందు అంకెల్లో వేయించాడు, మళ్ళీ అక్షరాల్లో రాయమన్నాడు. రాశాను. నాలుగు వందల పద్దెనిమిది చదరపు గజాలు.